గుండీల రాయి

ముప్ఫై నాలుగేళ్ళపాటు భిలాయి ఉక్కు కొలిముల్లో పడ్డ సున్నపురాయంతా ముందు మా సింహాద్రి నాలిక దగ్గర సెలవు పుచ్చుకునే లోపలికి వెళ్ళింది. నమ్మకపోతే మీ ఇష్టం. నందిని గనిలో శాంపిల్ రూములో పనిచేసేవాడు. రాళ్ళగుట్టలోంచి చిన్న పెళ్ళ ఏరి, చొక్కా చెంగుకి తుడిచి, నాలిక కొసకి తగిలించి, ఒక్క నలక పంటి కింద నలిపి, కళ్ళు మూసుకుని "ఆరున్నర" అనేవాడు. అంటే నూటికి ఆరున్నర పాళ్ళు ఇసక అని. సాయంత్రం లేబరేటరీ నుంచి కాగితం వస్తే అందులోనూ ఆరున్నరే. ఆ రాయి నింపిన పెట్టెల్ని లాక్కెళ్ళిన ఇంజను డ్రైవర్ని నేను. నా వెనకాల యాభై పెట్టెలుంటే, ఏ పెట్టెలో రాయి గనిలో ఏ మెట్టు మీద తవ్విందో పక్కన నడుచుకుంటూ చెప్పేసేవాడు. ఆ నాలిక తప్పడం నేను చూళ్ళేదు.

సరే. ఇప్పుడు ఇద్దరం రిటైరై, సెక్టర్ 6లో మా తెలుగు సంఘం గది ముందు వరండాలో ఎండ కాచుకునే స్థితికి వచ్చేం. జరిగింది మొన్న జనవరిలో, ఓ ఆదివారం మొదలుకుని బుధవారం దాకా. సింహాద్రి మనసులో ఏమయిందో నాకెలా తెలుసని అడక్కండి. వాడు నాకు చెప్పకుండా దాచగలిగింది ఇంతవరకూ ఏదీ లేదు.

ఆ ఆదివారం పొద్దున్న గదిలో పాతికమంది దాకా ఉన్నాం. చలి కదా, స్వెట్టర్ల వాసన. బల్ల మీద మడత విప్పని శాలువా ఒకటి పెట్టి ఉంది. బల్లకి అటు పక్క మా సెక్రటరీ గురుమూర్తి, ఇటు పక్క రోహిణి.

రోహిణి మా భిలాయిలోనే రుఆబాంధా పిల్ల, ఇరవై నాలుగేళ్ళుంటాయి. కిందటి ఆగస్టులో హిమాచల్‌లో స్పితి వైపు ఓ కొండెక్కి వచ్చింది. కొండ పేరు నాలుగుసార్లు చెప్పింది గానీ నా పళ్ళసెట్టుకి అందలేదు, కొండ అనే అనుకుందాం. ఎత్తు మటుకు ఆరు వేల మీటర్లకి కాస్త తక్కువ. ఇంటి దగ్గర్లో ఓ ప్రైవేటు స్కూలు పిల్లల్ని మే నెలలో హిమాలయాలకి తీసుకెళ్ళాలని ట్రైనర్ని వెతుకుతోంది. పర్మనెంటు ఉద్యోగం. కొండెక్కినట్టు ఎవరిచేతనైనా కాగితం రాయించుకు రమ్మన్నారు, బుధవారంలోగా. జట్టు లీడరు ఇవ్వలేడు. ఇద్దరికి కళ్ళు తిరిగి వాంతులైతే వాళ్ళని పట్టుకుని ఆయన సగంలోంచే దిగిపోయేడు. పైకెళ్ళింది రోహిణీ, ఆ ఊరి గైడూ. గైడు ఊళ్ళో చలికాలం ఫోను మోగదు. రోహిణి ఫోను ఆ చలికి కొండ మీదే ఆరిపోయింది, ఫొటో లేదు. ఇక మిగిలింది, ఆ పిల్ల వెంట తెచ్చుకున్న రాయొక్కటి.

"సింహాద్రి బావా, ఓసారి చూడు," అన్నాడు గురుమూర్తి. "సంఘం కాగితం మీద నా సంతకం పెడతాను. రేపు ఎవడైనా, ఏటి చూసి రాసేరు అంటే, ఇదిగో ఇది చూసేం అని చెప్పాలి కదా."

రోహిణి ఊలు టోపీ విప్పి రాయి తీసింది. పిడికిలంత ఉంది. బూడిద రంగు, ఒక అంచున తుప్పు పసుపు.

సింహాద్రికి నలుగురు చూస్తుంటే ఆరోగ్యం బాగుంటుంది. కుర్చీ ముందుకి లాక్కున్నాడు. రాయి చేత్తో ఎగరేసి బరువు చూసేడు. చెవి దగ్గర పెట్టుకుని గోటితో తట్టేడు. ఆ తట్టడం వల్ల తెలిసేది ఏమీ లేదు, అది మాకోసం. తర్వాత నాలిక కొస తగిలించేడు. ఆపైన జేబులోంచి చిన్న సీసా తీసేడు. రిటైరయి పదమూడేళ్ళయినా ఆ యాసిడ్ సీసా వదల్లేదు, పక్కవాళ్ళు గచ్చు వేయించుకున్నా వెళ్ళి ఓ చుక్క వేసి వస్తాడు. రాయి మీద చుక్క వేసేడు. బుస్సున నురగ లేచింది, సున్నపురాయికి లేచినట్టే.

మేం మెడలు సాచేం. సింహాద్రి కాసేపు నురగ వంక చూసి, తర్వాత రోహిణి వంక చూసి, గొంతులో ఎంతో జాలి పెట్టి అన్నాడు.

"ఏటమ్మా, అంత దూరం వెళ్ళి మన నందిని రాయి తెచ్చుకున్నావేటి?"

గది గదంతా నవ్వింది.

"ఆ పైన మొత్తం లైమ్‌స్టోనే తాతయ్యా," అంది రోహిణి. "గైడ్ భయ్యా కూడా అదే చెప్పాడు. అక్కడంతా పెహలే సముందర్ ఉండేదంట."

"సముద్రమే? కొండెక్కిందా? నడిచే ఎక్కిందా, బస్సుందా?"

మళ్ళీ నవ్వేం. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే, దాచను. ఇంక సింహాద్రిని ఎవరాపుతారు.

"దీంతో ముప్ఫై నాలుగేళ్ళు కాపరం చేసేనమ్మా నేను. చీకట్లో తడిమినా గుర్తుపడతాను. నాతో ఓ మాట అంటే బస్తాడు ఇప్పించీవాణ్ణి కదా. నీకా చలీ, ఆ వాంతులూ తప్పును."

రోహిణి ఏదో అనబోయింది. ఆ పిల్లకి తెలుగు మాట కావలసినప్పుడు హిందీ మాట ముందొస్తుంది, తెలుగు మాట అందుకునేలోపు నవ్వు మీదపడిపోయింది. ఊలు టోపీ నాలుగు మడతలు పెట్టింది. మళ్ళీ విప్పింది. మళ్ళీ పెట్టింది. గదిలో నవ్వనివాడు ఇంకొకడున్నాడు, గురుమూర్తి. వాడు పెన్ను మూత పెట్టేసేడు. శాలువా తీసి కవర్లోకి దోపేడు. సింహాద్రి అప్పటికి ఇంకో జోకు మీదున్నాడు, అది చూళ్ళేదు. తల తిప్పేసరికి రోహిణి కుర్చీ ఖాళీగా ఉంది, రాయి బల్ల మీదే ఉంది.

*

రాయి చేతిసంచీలో వేసుకుని ఇంటికి తెచ్చేడు, ఇచ్చేద్దామనే. వంటింటి గట్టు మీద పెట్టి జరిగిందంతా వరలక్ష్మమ్మకి నటించి చూపించేడు, భార్యే కదా. బస్సుందా అన్నచోట ఆవిడ కూడా నవ్వాలి. ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ ఉండిపోయింది.

"అయితే కాగితం ఇచ్చేరా?"

"ఏ కాగితం?"

"ఆ పిల్ల వచ్చింది దేనికి?"

"జోకేసేనే. గురుమూర్తి రాసిచ్చేస్తాడు."

"వాడికి జోకులర్థమవుతాయేటి?" అని గింజలు పళ్ళెంలోకి తోసిందావిడ. "వాడు మన రోజా మొక్క తొక్కితే ఏ ఆవో తొక్కిందని ఒకసారి జోకేసేరు. మర్నాడు పశువుల వాళ్ళకి అర్జీ పెట్టేడు."

సోమవారం పొద్దున్న నేనే వెళ్ళి చెప్పేను. గురుమూర్తి కాగితం రాయకపోవడం కాదు, వేరే కాగితం రాసి స్కూలుకి పంపేసేడు. "రాతి పరీక్షలో ముప్ఫై నాలుగేళ్ళ అనుభవమున్న మా సభ్యులు పరిశీలించగా సదరు రాయి స్థానిక నందిని గనులదని తేలినందున, శిఖరారోహణను మా సంఘం ధ్రువీకరించజాలదు." తను రాసిన వాక్యం తనకే నచ్చి నాకు రెండుసార్లు చదివి వినిపించేడు.

సింహాద్రి మొహం కడుక్కుంటున్నవాడల్లా చెంబు కింద పెట్టేడు.

"తేలిందని ఎవడన్నాడ్రా?"

"నువ్వే."

"నేను నవ్వించేను."

"నవ్వేం కదా," అన్నాను. "నవ్వింతర్వాత నందిని రాయి కాదని మళ్ళీ చెప్పలేదు."

"కాకపోతే కదా చెప్పడం. అది నందిని రాయే. నా నాలిక్కి తెలీదా?"

మీకు మొదట్లో ఆ నాలిక గురించి ఓ మాట చెప్పేను కదా, దాన్ని ఇక్కడ కొట్టేసుకోండి. ఆరున్నర అంటే ఆరున్నరే రావడం ఒకసారి జరిగింది. ఆ ఒక్కసారినే మేం ముప్ఫై నాలుగేళ్ళు వాడుకున్నాం. మామూలుగా రెండు మూడు పాళ్ళు అటో ఇటో పోయేది. ఓసారి డోలమైటు పెళ్ళ నాకి సున్నపురాయేనని పందెం కట్టి టిఫిన్ డబ్బా పోగొట్టుకున్నాడు, మూతతో సహా. ఏ పెట్టెలో రాయి ఏ మెట్టుదో చెప్పేవాడన్నది కూడా, పెట్టెల మీద సుద్దతో రాసుండేది. ఈ కథ నాకిన్నాళ్ళూ బాగా పనికొచ్చింది. సింహాద్రికి ఇంకా బాగా పనికొచ్చింది. చెప్పగా చెప్పగా వాడు నమ్మేసేడు, అదీ వచ్చిన చిక్కు.

నేను వెళ్ళిపోయాక వాడు నిలవలేకపోయేడు. పేపరు తీసి పెట్టేసేడు. రెండుసార్లు టీ అడిగి తాగకుండా చల్లార్చేడు. చివరికి రాయి పట్టుకుని పెరట్లోకి వెళ్ళేడు, తన మాటే నిజమని తేల్చుకుందామని. మొక్కల చుట్టూ అంచుకి పేర్చినవి నందిని రాళ్ళే. వాటిలో ఒకటి పెళ్ళగించి, కుళాయి కింద రెండూ పక్కపక్కన కడిగేడు. రాయి తడిస్తేనే దాచుకున్నది చూపిస్తుంది, శాంపిల్ రూములో మొదటి రోజు నేర్పే పాఠం అదే.

నందిని రాయిలో వాడికి తెలిసిన వంపులు కనిపించేయి. కేబేజీని నిలువునా కోస్తే లోపల పొర మీద పొర వంకర్లు తిరిగుంటాయి చూడండి, అలాగ. కొండరాయిలో వంపుల్లేవు. పైన ఎండకీ మంచుకీ మాగిపోయి ఏదీ కనబడటం లేదని సుత్తి తెచ్చి ఓ మూల మీద చిన్న దెబ్బ వేసేడు. పెచ్చు లేచింది. లోపల రాయి నల్లగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే కిరసనాయిల్లాంటి ఘాటు. నందిని రాయి కొడితే ధూళి వాసన తప్ప ఇంకో వాసన రాదు.

విరిగిన వైపు నీళ్ళు పోసి, కళ్ళజోడు మీద భూతద్దం పెట్టి చూసేడు. నల్ల రాతిలో తెల్లగా చిన్న చిన్న చక్రాలు. ఒకటి, రెండు, అటుపక్క ఇంకో నాలుగు. పసిపిల్లల చొక్కా గుండీలంత. నడిమధ్య దారం పోయేటంత కన్నం, ఏ కాలపు సముద్రపు జీవివో. వాటి పక్కన కత్తిరించిన గోరులా వంకర గీత ఒకటి. అది గుల్ల అంచు.

వాడు తడి నేల మీద చతికిలబడిపోయేడు.

శ్యామసుందర్ గారని ఓ జియాలజిస్టు ఏటా నెల్లాళ్ళు నందినికి వచ్చేవాడు. పెద్ద అంచుల గుడ్డ టోపీ ఉండేదాయనకి. శాంపిల్ రూము వాళ్ళందరికీ దాని మీదే కన్ను. "ఈ గనిలో ఒక్క గుల్ల, ఒక్క నత్త చూపించండి, టోపీ మీది" అనేవాడాయన. "ఇది కూడా సముద్రం అడుగునే పేరింది. కాకపోతే ఎంత పాత సముద్రమంటే, గుల్ల కట్టుకునే జీవి అప్పటికింకా పుట్టలేదు. నీళ్ళలో నాచొక్కటే ఉండేది. మీకు కనబడే ఈ వంపులన్నీ ఆ నాచు పొరలే." శాంపిలంటే గుట్ట పోసి, నాలుగు వాటాలు చేసి, ఎదురెదురు వాటాలు రెండు తోసేసి, మిగిలింది మళ్ళీ గుట్ట పోసి, మళ్ళీ నాలుగు చేసి, దోసెడయ్యేదాకా అదే పని. తోసేసే వాటాల్ని కూడా టోపీ కోసం వెతికేవారు. భోజనాల వేళ గుల్లాట అనేవాళ్ళు దాన్ని. ముప్ఫై నాలుగేళ్ళలో సింహాద్రి చేతి మీంచి ఎన్ని వేల గుట్టలు పోయేయో లెక్కలేదు. ఒక్క గుల్ల దొరకలేదు. టోపీ ఆయన తల మీదే రిటైరయింది.

వరలక్ష్మమ్మ బట్టలారేయడానికి వచ్చి, "నేల మీద కూచున్నారేటి?" అంది.

"ఇది మనది కాదే," అన్నాడు. "ఇది నిజంగానే ఎక్కడో సముద్రం."

ఆవిడ బకెట్టు దించి, భూతద్దం తీసుకుని ఒంగి చూసింది. చాలాసేపు చూసింది.

"గుండీలు," అంది. "మరి ఇది నిన్న చూళ్ళేదా?"

"చూస్తే కనిపించును."

*

మంగళవారం పది గంటలకి నా స్కూటరు మీద రుఆబాంధా వెళ్ళేం. దారిలో వాడు నన్ను రెండుసార్లు ఆపించేడు. ఒకసారి కళ్ళజోడు మర్చిపోయేననీ, ఒకసారి టీ తాగుదామనీ. కళ్ళజోడు మొహం మీదే ఉంది. టీ తాగలేదు.

రోహిణి క్వార్టరు వెనక గచ్చు మీద తాడు ఉతుకుతోంది. కొండలెక్కే తాడు. పెద్ద టబ్బులో నీళ్ళు, సబ్బు లేదు. తాడుని జానెడు జానెడే పిడికిట్లోంచి లాగుతూ, ప్రతి జానా వేళ్ళతో నొక్కి తడుముతూ, రెండో టబ్బులోకి జారుస్తోంది. ఆ పిల్ల తల్లి కనకలత లోపల కుట్టుమిషను తొక్కుతోంది. మేం రాగానే మిషను ఆగింది, మళ్ళీ మొదలైంది. మమ్మల్ని కూర్చోమనలేదు.

"రాయి తెచ్చేనమ్మా," అన్నాడు సింహాద్రి.

"అక్కడ పెట్టండి తాతయ్యా."

పెట్టలేదు. పక్కన గొంతుక్కూర్చుని, విరిగిన వైపు తిప్పి, భూతద్దం చూపించి, గడగడా చెప్పేసేడు. గుండీలు, గుల్ల అంచు, నందినిలో నాచు వంపులు, టోపీ. మన రాయి ముత్తాతలకి ముత్తాతనీ, హిమాలయం దాని ముందు నిన్న పుట్టిన పిల్లనీ చెప్పేడు. ఈ రాయి నందినిది అవడానికి వీల్లేదు, అది తేలిపోయింది అన్నాడు.

రోహిణి తాడు లాగడం ఆపలేదు.

"నాకెందుకు చెప్తున్నారు? నాకు మాలూమే కదా. నేనక్కడ ఉన్నాను."

సింహాద్రి భూతద్దం జేబులో పెట్టేసుకున్నాడు.

"మీరు మజాక్ చేశారు. నాకు జవాబ్ రాలేదు. బస్, అంతే అయింది," అంది. వేళ్ళ కింద ఏదో తగిలినట్టుంది, తాడుని వెనక్కి లాగి ఆ జానెడు మళ్ళీ తడిమింది. "నిన్న స్కూల్ నుంచి ఫోన్ వచ్చింది. చిట్ఠీ చదివారంట. బుధవారం పదకొండుకి రమ్మన్నారు, బయోడేటా వాపస్ ఇస్తారంట. ఫోన్‌లో ఆ క్లర్క్ కూడా అడిగాడు, దీదీ, బస్సుందా అని."

లోపల మిషను ఆగింది.

నేను టబ్బు వైపు చూసేను. బస్సు జోకు అంత దూరం నడిచెళ్ళిందంటే, దాన్ని భుజాన మోసినవాళ్ళలో నేనొకణ్ణి. ఆదివారం సాయంత్రం మార్కెట్లో నలుగురికి చెప్పేను, కొంచెం పెంచి కూడా చెప్పేను.

"చెప్పాల్సినవాళ్ళకి చెప్తానమ్మా," అన్నాడు సింహాద్రి లేస్తూ. మోకాలు పట్టేసి సగంలో ఆగిపోయేడు. రోహిణి తడి చెయ్యి తుడుచుకుని, జబ్బ పట్టుకుని లేవనెత్తింది. మళ్ళీ వెళ్ళి తాడు దగ్గర కూచుంది.

అక్కణ్ణించి గురుమూర్తి ఇంటికి. గురుమూర్తి అంతా విన్నాడు. భూతద్దంలోంచి చూసేడు. గుండీలు బాగున్నాయన్నాడు.

"అయితే కొత్త కాగితం రాయి."

"ఏమని రాయమంటావు బావా? సోమవారం ఒకటి, మంగళవారం ఇంకోటా? మన ఎక్స్‌పర్టుకి రెండు నాలికలున్నాయని రాయనా?"

"నా పేరు పెట్టి రాయి. నేను తప్పు చెప్పేనని రాయి."

"నువ్వు సంఘం తరఫున చెప్పేవు. తప్పయితే సంఘం తప్పవుతుంది." గురుమూర్తి రాయిని జాగ్రత్తగా సింహాద్రి చేతిలో పెట్టేడు. "నీకు తెలీదేటి, మనల్ని చూసి నవ్వేవాళ్ళు ఎంతమందున్నారో."

సింహాద్రి ఆ రోజు అన్నం సగమే తిన్నాడని వరలక్ష్మమ్మ చెప్పింది. మధ్యాహ్నం మంచం మీద వాలి, లేచి, పెరట్లోకీ వీధిలోకీ తిరిగి, గుట్ట పోసి నాలుగు వాటాలు చేసినట్టు తనలో తను ఏదో తోసేసుకుంటూ, మిగిలింది మళ్ళీ మొదట్నుంచి చూసుకుంటూ గడిపేడట.

*

బుధవారం స్కూల్లో వైస్ ప్రిన్సిపాల్ డైసీ మేడమ్ గదిలో కుర్చీలు మూడే ఉన్నాయి. మేడమ్‌ది కాకినాడ వైపు, ఇక్కడికొచ్చి ముప్ఫై ఏళ్ళయినా తెలుగు చెక్కు చెదరలేదు. గురుమూర్తి మాకంటే ముందే వచ్చి ఒక కుర్చీలో ఉన్నాడు, సంఘం మాట కాపాడుకోడానికి. రోహిణి ఇంకోదాంట్లో, ఒళ్ళో ఫైలు. మూడోదాంట్లో సింహాద్రి కూచున్నాడు. నేను గోడకి ఆనుకున్నాను.

సింహాద్రి రాయి బల్ల మీద పెట్టేడు. నాలికా, టోపీ, ఏవీ ఎత్తలేదు. మూడు రోజులుగా వాడిలో అరిగి అరిగి మిగిలింది దోసెడే.

"మేడమ్, ఇది నందిని రాయని నేనన్నాను. కాదు. ఇందులో గుల్లలున్నాయి, నందినిలో గుల్లలుండవు. మీరు ఎవరికి చూపించినా ఇదే చెప్తారు."

మేడమ్ భూతద్దం తీసుకుంది. మాకు బయట ఇంటర్వెల్ గంటా, పిల్లల గోలా వినబడ్డాయి. అది తగ్గేదాకా ఆవిడ తల ఎత్తలేదు.

"బానే ఉందండీ. కానీ ఈ రాయి కొండ మీదే ఏరిందనేం ఉంది? కింద రోడ్డు పక్కనా దొరకొచ్చు కదా."

గురుమూర్తి కుర్చీలో సర్దుకున్నాడు.

"దొరకొచ్చు," అన్నాడు సింహాద్రి. "ఈ పిల్ల ఎక్కిందని రాయి చెప్పదు మేడమ్. ఎక్కలేదని కూడా రాయి చెప్పలేదు. అది చెప్పింది నేను. నలుగురు నవ్వుతున్నారని చెప్పేను. రాయిని సరిగ్గా చూళ్ళేదు. నా మాట తీసేస్తే ఈ పిల్ల మీద మీకింక ఏ అనుమానమూ ఉండడానికి లేదు. అది తీసీమని అడగడానికి వచ్చేను."

గురుమూర్తి తన కాగితం వంక చూసుకున్నాడు. ఆ వాక్యం అప్పటికి వాడికి అంత నచ్చుతున్నట్టు లేదు.

అంతటితో అయిపోయిందనుకున్నాను నేను. అయిపోలేదు.

"మేడమ్," అంది రోహిణి. "ఒక గల్తీ నాది కూడా ఉంది."

ఫైలు బల్ల మీద పెట్టి, రెండు చేతులూ దాని మీద పెట్టింది.

"బయోడేటాలో శిఖరం మీద నిలబడ్డాను అని ఉంది. గురుమూర్తి అంకుల్ టైప్ చేయించారు, నేను కాట్ చేయలేదు. నేను శిఖరం మీద నిలబడలేదు. చివర్లో ఇంకా పది పన్నెండు అడుగులుంటాయి, అక్కడ గైడ్ భయ్యా ఆగిపోయాడు. వాళ్ళ ఊరికి ఆ కొండ దేవత. తల మీద కాలు పెట్టరు. నువ్వు బయటిదానివి, కావాలంటే వెళ్ళు, నేను చూడను అని వెనక్కి తిరిగి నిలబడ్డాడు."

"వెళ్ళలేదా?"

"లేదు. అక్కడే కూర్చున్నాను. ఆ రాయి అక్కడిదే." ఫైలు అంచు గోటితో గీకుతూ, "చాలా మన్ అయింది మేడమ్, వెళ్దామని. ఎవరికీ తెలిసేది కూడా కాదు," అంది.

గురుమూర్తి ఊపిరి పీల్చుకున్నాడు. "చూసేరా మరి, నేను ధ్రువీకరించజాలదు అని ఊరికే..."

"ఒక్క నిమిషం సార్," అంది మేడమ్. రోహిణి వైపు తిరిగింది. "వాతావరణం బాగుందా అప్పుడు?"

"సాఫ్‌గా ఉంది."

"కాళ్ళు బానే ఉన్నాయా? ఊపిరి?"

"బానే ఉన్నాయి."

"అయినా ఆగేవు."

"ఆగేను."

మేడమ్ ఫైలు దగ్గరికి లాక్కుంది. శిఖరం అన్న లైను మీద పెన్నుతో అడ్డంగా గీసి, పక్కన చేత్తో ఏదో రాసి, ఫైలు తిప్పి రోహిణి చేత సంతకం పెట్టించింది.

"మేలో ముప్ఫైమంది వస్తారు నీతో. సగం మంది వాళ్ళమ్మ మాటే వినరు. ఫస్టు నుంచి వచ్చెయ్. మూడు నెలలు చూస్తాం, తర్వాత పర్మనెంటు," అని, గురుమూర్తి కాగితం మడిచి వాడికే ఇచ్చేసింది. "సార్, ఇది మీ దగ్గరే ఉంచుకోండి."

బయట గేటు దగ్గర రోహిణి సైకిలు తాళం తీస్తోంది. సింహాద్రి రాయి పట్టుకుని వెనకాలే నడిచేడు. వాడి నడకలో మూడు రోజుల కంగారు ఇంకా దిగలేదు. గేటు దాటేవాళ్ళకి అడ్డం వస్తూ, తప్పుకుంటూ, మళ్ళీ అడ్డం వస్తూ వెళ్ళేడు.

"రాయమ్మా."

రోహిణి రాయి తీసుకుంది. విరిగిన మూల బొటనవేలితో ఓసారి తడిమింది.

"నిన్ను చూసి నవ్వేరని కాదమ్మా..." అని మొదలెట్టేడు, అక్కడే ఆగిపోయేడు.

"పర్లేదు తాతయ్యా," అని ఆ పిల్ల నవ్వి, వాడి చెయ్యి నొక్కి వదిలింది.

ఇంతే కథ. కొండకి పేరు చెప్పకపోవడం నిజంగా నా పళ్ళసెట్టు వల్లే. గుండీలు నిజం, మీరొస్తే చూపించేవాణ్ణి గానీ రాయి నా దగ్గర లేదు. గురుమూర్తి రాసిన వాక్యం అక్షరం మార్చలేదు, అలాంటిది కల్పించడం నావల్ల కాదు. ఇందులో నేను అల్లింది ఒక్కటే, ఆ చివరి మాట. రోహిణి పర్లేదు అనలేదు. నవ్వలేదు, చెయ్యి ముట్టుకోలేదు. రాయి తీసుకుంది, టోపీలో చుట్టి బుట్టలో పెట్టుకుంది, సైకిలెక్కి వెళ్ళిపోయింది. ఇది మే నెల, ఆ పిల్ల ముప్ఫైమందిని తీసుకుని కొండల్లో ఉంది. నాలుగు నెలలుగా సింహాద్రి ఆ ఒక్క మాట కోసం రోజూ సాయంత్రం నా స్కూటరు మీద రుఆబాంధా వైపు ఏదో పనుందని తిప్పిస్తున్నాడు. ఎవరో ఒకరు అన్నట్టు ఉంటుందని నేనే రాసి పెట్టేను.